గడప దాటే యోగం

మా గైడ్ మణిశంకర్ గారు ఒకరోజు డిపార్టుమెంటులో అందరి ముందూ నా పేరు ఇంటర్నెట్‌లో వెతికారు. తణుకులో ఒక చీరల కొట్టు వచ్చింది. దాని కింద ఒక ఫ్యాన్సీ స్టోరు, ఇంకా కిందకి వెళితే ఎవరిదో చంటిపిల్ల పుట్టినరోజు వీడియో. నేను మాత్రం ఎక్కడా లేను.

"చూశావామ్మా దుర్గాశ్రీ? ప్రపంచం దృష్టిలో నువ్వు పట్టుచీరవి," అన్నారాయన. అందరూ ఘొల్లుమన్నారు. నా క్లాస్‌మేట్ యుగంధర్ అయితే బల్ల చరిచి మరీ నవ్వాడు. వాడి పేరు వెతికితే వాడే వస్తాడు మరి. సొంత వెబ్‌సైటు ఎప్పుడో పెట్టుకున్నాడు.

నాకసలే ముక్కు మీద కోపం. "నేను చేసిన పనంటూ ఉంది కదండీ, పట్టుకెళ్ళి చూపిస్తే సరిపోదా?" అన్నాను.

"ఎక్కడికి పట్టుకెళ్తావు? ఎవరికి చూపిస్తావు?" అని అప్పుడు అసలు సంగతి చెప్పారు. బెంగుళూరులో ఒక పరిశోధన సంస్థలో సముద్రతీరపు నేలల మీద పెద్ద ప్రాజెక్టు మొదలవుతోంది. ఎంపికైన వాళ్ళకి అక్కడే పీహెచ్‌డీ. దరఖాస్తుతో పాటు సొంత సైటు లింకు ఇవ్వాలి. వాళ్ళు ముందు సైటు చూస్తారు. నచ్చితే వాళ్ళే పిలిచి మాట్లాడతారు. సైటు లేకపోతే దరఖాస్తు తెరిచి కూడా చూడరు.

ఆ సీటు నాకు కావాలి. ఎందుకో చెప్పాలంటే మా ఊరి గురించి చెప్పాలి. మాది నరసాపురానికీ సముద్రానికీ మధ్య ఊరు. మా వైపు పొలాల్లో మురుగునీరు డ్రెయిన్లలోంచి సముద్రంలోకి పోతుంది. వేసవిలో అదే డ్రెయిన్లలోంచి సముద్రం వెనక్కి వస్తుంది. పోటు ఎక్కువైన కొద్దీ ఉప్పునీరు పైకి పైకి ఎక్కి పల్లపు చేలన్నీ చౌడు పట్టిపోతున్నాయి. ఏ డ్రెయిన్లో ఉప్పు ఎంతదాకా ఎక్కుతోంది, ఏ నెలలో వెనక్కి తగ్గుతోంది, ఎక్కడ ఆపొచ్చు అనేది కొలవడమే నా ఎమ్మెస్సీ పని. చదువు అయిపోగానే ఉప్పు కొలిచే మీటరు డిపార్టుమెంటుకి తిరిగి ఇచ్చేయాలి. బెంగుళూరు సీటు వస్తే పని సాగుతుంది. రాకపోతే భీమవరంలో ఏదో ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకోవాలి. పాఠాలు చెప్పడం తక్కువ పనేం కాదు. కానీ నా డ్రెయిన్లు సగంలో ఆగిపోతాయి. ఆ ఆలోచన వస్తేనే నాకు ఏడుపొచ్చేది.

సరే అని సెలవులకి ఇంటికొచ్చి సైటు కట్టడానికి కూర్చున్నాను. ఊరికే ఇచ్చే డిజైన్లు బోలెడున్నాయి, ఒకటి పట్టుకున్నాను. మ్యాపులు పెట్టాను, గ్రాఫులు పెట్టాను, ఏ డ్రెయిన్ దగ్గర ఏం తేలిందో, ఏది ఇంకా తేలలేదో రాశాను. అదంతా సాఫీగానే సాగింది. "నా గురించి" అనే పేజీ దగ్గరికి వచ్చేసరికి బండి దిగబడిపోయింది. మన గురించి మనం చెప్పుకోవడం అంటే చిన్నప్పటి నుంచీ వీపు మీద దెబ్బలు తిన్నవాళ్ళం కదా. "ఎవరైనా చెబితే వినాలి గానీ నీ డప్పు నువ్వే కొట్టుకుంటావేంటే?" అని పెంచుతారు. తీరా పెద్దయ్యాక, కొట్టు, గట్టిగా కొట్టు అంటారు.

"కష్టపడి పనిచేసే మనస్తత్వం, క్రమశిక్షణ నా బలాలు" అని రాసి యుగంధర్‌కి పంపాను.

వాడు వెంటనే ఫోన్ చేశాడు. "ఏంటిది, బ్యాంకులో అప్పుకి అడుగుతున్నావా?"

మా అమ్మ వరహాలక్ష్మి పక్కనే బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. "వంట వచ్చని రాయవే, బాగుంటది," అంది.

"నాకు వంట రాదు కదమ్మా."

"వాళ్ళకెలా తెలుస్తది?"

లాప్‌టాప్ మూసేసి లేచిపోయాను. సాయంత్రం మళ్ళీ కూర్చుని, పోనీలెమ్మని జరిగింది జరిగినట్టు రాసేశాను. "నేను ఇంటర్ చదువుతుండగా మా పల్లపు చేను చౌడు పట్టింది. మా నాన్న చేలోకి పారే బోదెలో నీళ్ళు నోట్లో పోసుకుని ఉప్పగా ఉన్నాయన్నాడు. ఎంత ఉప్పగా అని అడిగాను. ఊళ్ళో ఎవరూ చెప్పలేకపోయారు. అప్పటి నుంచీ అదే కొలుస్తున్నాను." ఇంతే. చదువుకుని చూస్తే మొదటిసారి అది నాలాగే ఉంది.

ఫోటో దగ్గర ఇంకో గొడవ. మా పెద్దనాన్న కూతురి పెళ్ళిలో పూలజడతో దిగిన ఫోటో పెట్టమని అమ్మ. పూలజడకీ ఉప్పునీళ్ళకీ ఏంటమ్మా సంబంధం? చివరికి మా నాన్న తీసిన ఫోటో పెట్టాను. మోకాళ్ళ లోతు డ్రెయిన్లో నిలబడి మీటరు చూసుకుంటున్నాను, మొహం నిండా చెమట. మూలన ఆయన బొటనవేలు కూడా పడింది. అది కత్తిరించాను.

మా నాన్న గురించి చెప్పాలి. ఆయన పేరు తాతాజీ. మనిషి నెమ్మది, మాట పొదుపు. పదిమంది ఉన్నచోట ఆయన అవునన్నట్టు "ఆయ్" అన్నాడంటే అది పెద్ద ఉపన్యాసం కింద లెక్క. నేను నీళ్ళు పట్టడానికి వెళ్ళిన ప్రతిసారీ సీసాల పెట్టె మోపెడ్ మీద కట్టుకుని ఆయనే తీసుకెళ్ళేవాడు. నేను డ్రెయిన్లో దిగితే ఆయన గట్టు మీద తలకి తువ్వాలు చుట్టుకుని కూర్చునేవాడు. ఏం కొలుస్తున్నావని గానీ, ఎందుకని గానీ ఎప్పుడూ అడగలేదు. పిల్ల ఏదో చదువుతోంది, తోడు వెళ్ళాలి, అంతే ఆయన లెక్క అనుకునేదాన్ని.

ఇంక చివరి పేజీ, మనల్ని ఎలా కలవాలో చెప్పేది. మెయిలు రాసి, దాని కింద నా ఫోన్ నంబరు టైపు చేస్తున్నాను. అమ్మ వెనక నుంచి చూసింది.

"ఓసి దీని దుంపతెగ! ఆడపిల్ల నంబరు ఇంటర్నెట్‌లో పెడతారంటే ఎవరైనా? దారిన పోయే ప్రతి వెధవా ఫోన్ చేస్తాడు."

"ఇది ఉద్యోగాల సైటమ్మా. ప్రొఫెసర్లు చూస్తారు."

"ప్రొఫెసర్లు మాత్రమే చూడాలని దానికి కాపలా పెట్టావా?"

తప్పుపట్టడానికి లేదు, అందుకే నాకు ఇంకా ఒళ్ళు మండింది. ఇద్దరం గొంతు చించుకుంటుంటే నాన్న చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "నాది పెట్టమ్మా. ఎవరైనా చేస్తే నీకిస్తాను కదా," అన్నాడు. మా వైపు ఇది మామూలే. ఇంట్లో ఆడపిల్లకి కొరియరు వచ్చినా, కాలేజీ నుంచి ఫోను వచ్చినా ముందు తండ్రి నంబరే మోగుతుంది. సరేలే, పోయేదేముంది అని ఆయన పేరూ నంబరూ పెట్టేశాను.

సైటు ఇంటర్నెట్‌లోకి ఎక్కించాను. మణిశంకర్ గారు చూసి, "ఇప్పుడు నువ్వు పట్టుచీరవి కాదమ్మా," అన్నారు. దరఖాస్తులో లింకు పెట్టి పంపేశాను. ఆ రోజు నా ఆనందం చూడాలి. అమ్మకి ఫోన్లో తెరిచి పేజీ పేజీ చూపించాను. అదే నేను చేసిన పొరపాటు. అమ్మ ఆ లింకుని మా చిట్టియ్య బాబాయ్‌కి పంపింది.

చిట్టియ్య బాబాయ్ నోట్లో నువ్వుగింజ నానదు. క్షణంలో మా చుట్టాలందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. పైన ఆయన రాసిన మాట ఇది: "మన తాతాజీ అన్నయ్య కూతురి బయోడేటా. ఎంత బాగా చేయించారో చూడండి."

అంతే, చుట్టాలు విజృంభించారు. "పుట్టిన నక్షత్రం రాయలేదేంటి?" అని ఒకరు. "ఎత్తెంత?" అని ఒకరు. "ఆ కాలవలో ఫోటో తీసేయించండి వదినా, పిల్ల నల్లగా కనపడుతోంది," అని మా అత్త. "మ్యాపు దేనికి, పొలం ఎక్కడుందో చూపించడానికా?" అని ఎవరో అమాయకుడు. పాలకొల్లులో ఎవరో మంచివాళ్ళున్నారని ఒకరు, అన్నవరంలో వ్రతానికి వెళ్ళినప్పుడు పరిచయమైన వాళ్ళకి పంపామని ఇంకొకరు. నెత్తీ నోరూ కొట్టుకుని, ఇది పెళ్ళి బయోడేటా కాదు మహాప్రభో అని గ్రూపులో రాశాను. "సిగ్గుపడుతోంది," అని బాబాయ్ రాశాడు.

ఇక నాన్న ఫోన్ మోగడం మొదలైంది. మోగినప్పుడల్లా ఆయన లేచి పశువుల పాక వైపు వెళ్ళిపోయేవాడు. ఇక్కడికి వినపడేది "ఆయ్... ఆయ్ అండి..." అన్న ముక్కలే. తిరిగొచ్చాక ఎవరని అడిగితే, "ఎవరో లేమ్మా," అనేవాడు. అమ్మ మొహం ముడుచుకుని లోపలికి పోయేది. నాకు అర్థం కాకపోవడానికి చంటిపిల్లనా? నా వెనక సంబంధాలు చూస్తున్నారు. తోడు వచ్చి గట్టు మీద కూర్చున్న మనిషే ఇప్పుడు నన్ను సాగనంపే ఏర్పాట్లు చేస్తున్నాడు. అమ్మ మీద వచ్చేది కోపం. నాన్న మీద అలా కాదు, లోపలెక్కడో గుచ్చుకున్నట్టుండేది.

బెంగుళూరు నుంచి పిలుపు కోసం చూస్తూ ఉన్నాను. మెయిలు తెరవడం, మూయడం, మళ్ళీ తెరవడం. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నానని అమ్మ విసుక్కునేది. ఒకరోజు యుగంధర్ ఫోన్ చేశాడు. వాడు కోరంగి మడ అడవుల మీద పని చేశాడు, అదే ప్రాజెక్టుకి దరఖాస్తు పెట్టాడు.

"నాతో మాట్లాడారు. ముందు ఫోన్ చేశారు, తరవాత వీడియో. నీకెప్పుడు?"

"నాకు రాలేదు."

వేళాకోళం లేకుండా వాడి గొంతు వినడం అదే మొదటిసారి. "వస్తుందిలే దుర్గా," అన్నాడు. మణిశంకర్ గారికి ఫోన్ చేశాను. పిలవాల్సిన వాళ్ళని పిలవడం అయిపోయిందని విన్నానమ్మా అని ఆయన బాధగా చెప్పారు.

ఆ పూటంతా సైటు ముందేసుకుని కూర్చున్నాను. ఏ మాట తప్పు రాశాను? తేలలేదు అని ఉన్నదున్నట్టు రాయడం తప్పా? చెమట మొహంతో ఫోటో పెట్టడం తప్పా? పోనీ అదంతా కాదు, నేనే చాలనా? సొంతంగా కట్టుకున్న ఇంటి ముందు నిలబడి, ఇందులో ఎవరుంటారని అడుగుతున్నట్టుంది. మొహం కడుక్కుని వచ్చినా మళ్ళీ ఏడుపే వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం అన్నాలు తింటున్నాం. నాన్న ఫోన్ మోగింది. ఆయన ఎడమచేత్తో తీసుకుని, ఎంగిలి చెయ్యి అలాగే గాల్లో పెట్టుకుని పాక వైపు నడిచాడు. అంతే, నాలో ఏదో తెగింది.

"ఆగు నాన్నా!" అని అరిచాను. "ఎవరు వాళ్ళు? ఏ ఊరు? అబ్బాయి ఏం చేస్తాడు? నాకు కూడా చెప్పొచ్చుగా, పెళ్ళి నాకే కదా!"

ఆయన ఫోన్ కట్ చేసి నిలబడ్డాడు.

"నా సైటు పెళ్ళిళ్ళ పేరయ్య సంచీ అనుకున్నారా అందరూ? నాకు సీటు రాలేదు తెలుసా? అక్కడ ఎవరికీ నేను అక్కర్లేదు. ఇక్కడేమో నన్ను ఎవరికో ఒకరికి అంటగట్టేస్తే మీకు బాధ్యత తీరిపోద్ది. ఎండలో గట్టు మీద కూర్చుంటే నా కోసం అనుకున్నాను. కూతురు ఎప్పుడు కదులుతుందా అని చూస్తున్నావా?"

నాన్న ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. సగం తిన్న అన్నం కంచంలో అలాగే ఉంది.

"అయిపోయిందా?" అంది అమ్మ. ఆవిడ గొంతులో కోపం లేదు, అది నన్ను భయపెట్టింది. "నీ నోటికి ఒక దణ్ణం. ఆయన ఆ ఫోన్లన్నిటికీ ఏం చెబుతున్నారో తెలుసా నీకు? వద్దని. వచ్చిన ప్రతి సంబంధాన్నీ వద్దనే చెబుతున్నారు. ఊరికే వద్దంటే చుట్టాలు ఊరుకోరని ఒక అబద్ధం కూడా పుట్టించారు. మా అమ్మాయికి ఇరవయ్యారు వెళ్ళేదాకా గడప దాటే యోగం లేదని పెనుగొండ సిద్ధాంతి గారు చెప్పారండీ అని. ఆ సిద్ధాంతి పోయి రెండేళ్ళయింది. అడగడానికి వెళ్ళేవాళ్ళు కూడా ఉండరని ఆయన్ని పట్టుకున్నారు. జన్మలో అబద్ధం ఆడని మనిషి నీ కోసం రోజూ పాకలో నిలబడి చెబుతున్నారు."

నేను నాన్న కంచం వంక చూశాను.

"నాకే మనసు ఒప్పక రోజూ సణుగుతున్నాను," అంది అమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "అన్నీ పోనీ, మొన్న ఆ బెంగుళూరు ఆవిడ చేసినప్పుడైనా పేరూ ఊరూ కనుక్కోవచ్చా? ఆవిడ ప్రొఫెసరంట. అంత మంచి సంబంధం కాలదన్నుకున్నాం కదా అని నాకు ముద్ద దిగలేదు."

"ఎవరు?" అన్నాను.

"అబ్బాయి తల్లి."

"ఏ ఊరన్నావ్?"

"బెంగుళూరు."

కంచం ముందు నుంచి ఎలా లేచానో తెలియదు. చెప్పులు కూడా వేసుకోలేదు. నాన్న ఎక్కడికి వెళ్తాడో నాకు తెలుసు. డ్రెయిన్ గట్టు మీద, నేను నీళ్ళు పట్టే చోటే కూర్చుని ఉన్నాడు.

"నాన్నా, ఆ బెంగుళూరు ఆవిడ ఏమంది? మాట మాటా చెప్పు."

ఆయన నా కాళ్ళ వంక చూశాడు. "ఎండలో చెప్పుల్లేకుండా వచ్చావేంటమ్మా?"

"నాన్నా, చెప్పు!"

"ఏముంది, తాతాజీ గారాండీ అంది. మీ అమ్మాయి వెబ్‌సైటు చూశాం, బెంగుళూరు నుంచి ప్రొఫెసర్ ఫలానా మాట్లాడుతున్నాను అంది. సైటు చూశామని చేసేవాళ్ళందరూ సంబంధానికే కదా చేస్తున్నారు. ఇంక మాట్లాడనివ్వలేదు. సిద్ధాంతి మాట చెప్పేసి పెట్టేశాను. అంత పెద్దావిడతో మళ్ళీ అబద్ధం ఆడాలంటే భయమేసింది. ఆ అప్పులిస్తామనే వాళ్ళని రాకుండా చేయడం నువ్వు నేర్పావుగా, అలా బ్లాకు చేసేశాను."

నేను గట్టు మీద కూలబడ్డాను. "నాన్నా, అది సంబంధం కాదు. అదే నా సీటు."

ఆయనకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఆయన మొహం నేను చూడలేకపోయాను. అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు. "నీ సీటా అమ్మా? నీ పని చెడకూడదని... చేతులారా నేనే... ఎంత పని చేశాను తల్లీ," అని తువ్వాల్లో మొహం దాచుకున్నాడు. మా నాన్న ఏడవడం నేను అంతకు ముందు చూడలేదు.

నా కోపమంతా ఎటు పోయిందో. ఆయన చెయ్యి పట్టుకుని లాగాను. "సంబంధాలు వద్దంటున్నావని నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"చెబితే నువ్వు కొలతలు మానేసి వాళ్ళందరితో దెబ్బలాటకి దిగుతావు. నీ సంగతి నాకు తెలీదా?"

అదీ నిజమే. ఏడుస్తూనే నవ్వొచ్చింది. "నేనన్న మాటలు..." అని మొదలుపెట్టాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "ముందు ఆవిడకి ఫోన్ చెయ్యి," అన్నాడు.

ఆయన ఫోన్లోనే బ్లాకు తీసి చేశాను. స్పీకరు పెట్టాను. అవతల గొంతు పొడిగా పలికింది. ఆవిడ పేరు డాక్టర్ సోమిదేవి. బెంగుళూరులో ఎంత కాలం ఉన్నా మాటలో అమలాపురం పోలేదు.

"జాతకం అన్నాక ఇంక నేనేం మాట్లాడతానమ్మా? ఇంట్లోవాళ్ళు ఆపేసిన ఆడపిల్లల్ని చాలామందిని చూశాను. ఒకప్పుడు ప్రతి ఇంటితోనూ పోట్లాడేదాన్ని. ఇప్పుడు ఓపిక లేదు. నీ పేరు పక్కన పెట్టేశాను."

ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేశాను. అమ్మ, నంబరు, చిట్టియ్య బాబాయ్, నక్షత్రం, ఎత్తు, పాలకొల్లు, పాక, పోయిన సిద్ధాంతి, అన్నీ. చెబుతుంటే నాకే నమ్మశక్యంగా లేదు. అయిపోయాక అవతల ఏదో చప్పుడు. ఆవిడ నవ్వుతోంది. ఆగి, మళ్ళీ మొదలుపెట్టి, దగ్గొచ్చేదాకా నవ్వింది.

"సరే," అంది చివరికి, గొంతు సవరించుకుని. "నీ మ్యాపులో పడమటి డ్రెయిన్ దగ్గర ఉప్పు ఒక్కసారిగా తగ్గింది. సముద్రానికి అంత దగ్గర్లో ఎందుకు తగ్గాలి?"

అది నేను ఎన్నో రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్న ప్రశ్న. "తెలియదండి. పైన మంచినీటి కాలవ లాకు కారుతోందేమోనని ఒక అనుమానం. కింద నేలలోంచి మంచినీరు ఊరుతోందేమోనని ఇంకోటి. ఏదో ఒకటి అని రాసేయొచ్చు, కానీ తేల్చాలంటే ఇంకో వేసవి కొలవాలి. ఆ వేసవి కోసమే మీ దగ్గరికి రావాలనుకున్నానండి."

"ఊఁ," అంది. కాగితాలు తిరగేసిన చప్పుడు. "రేపు మా దగ్గర మిగతా ప్రొఫెసర్లతో వీడియోలో మాట్లాడు. ఇప్పుడు చెప్పింది చెప్పినట్టు చెప్పు, చాలు. నా మటుకు నేను నిన్ను తీసుకోవాలనే అనుకుంటున్నాను. కానీ ముందు మీ నాన్నగారితో మాట్లాడాలి."

ఫోన్ నాన్న చేతికిచ్చాను. ఆయన లేచి నిలబడ్డాడు. ఆవిడ ఎదురుగా ఉన్నట్టు తువ్వాలు భుజం మీద సర్దుకున్నాడు.

"తాతాజీ గారూ, ఈసారి నన్ను పూర్తిగా చెప్పనివ్వండి. నాకు పెళ్ళికొడుకు ఎవరూ లేడు. ఉన్నది పని. అయిదేళ్ళ పని, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. ఏడాదిలో ఒకటి రెండుసార్లు తప్ప మీ అమ్మాయి ఇంటికి రావడం కుదరదు. పంపిస్తారా?"

నాన్న డ్రెయిన్ వంక చూశాడు, నా వంక చూశాడు. ఎంతమందికి ఎంత తేలిగ్గా కాదని చెప్పాడో ఆ మనిషి. ఇప్పుడు అవుననాలి. అవునంటే నేను వెళ్ళిపోతాను.

"ఆయ్," అన్నాడు. "పంపిస్తానండి."

నేను ఫోన్ కోసం చెయ్యి చాపాను. ఆయన ఇవ్వలేదు. రెండు చేతులతో పట్టుకున్నాడు.

"అమ్మా, ఒక మాటండి. మా పిల్లకి కోపం ఎక్కువ. మనసులో మాత్రం ఏమీ ఉండదండి. ఏదైనా అంటే వెంటనే బదులు చెప్పకండి, కాసేపు ఊరుకుంటే తనే వచ్చి మాట్లాడద్ది. పనిలో పడితే తిండి సంగతి మర్చిపోద్ది. పెరుగు లేకపోతే ముద్ద దిగదండి దానికి. జలుబు చేస్తే చెప్పదు, మీరే చూసుకోవాలి. తెలిసో తెలియకో తప్పేదైనా చేస్తే, మీ పిల్లే అనుకుని కడుపులో పెట్టుకోండమ్మా. మీ చేతుల్లో పెడుతున్నాను."

ఈ మాటలు నేను విన్నాను. మా పెద్దనాన్న కూతురి పెళ్ళిలో, అప్పగింతలప్పుడు, దాని చేతులు పాలల్లో ముంచి అత్తగారి చేతుల్లో పెడుతూ పెద్దనాన్న ఇవే మాటలు చెప్పాడు. అది వెక్కి వెక్కి ఏడుస్తుంటే నేను పక్కన నిలబడి, బస్సెక్కితే గంటలో వచ్చేదానికి ఏంటే ఈ ఏడుపు అని ఆటపట్టించాను. వచ్చిన ప్రతి సంబంధాన్నీ వెనక్కి పంపిన మా నాన్న, పూలూ మేళాలూ ఏమీ లేకుండా, డ్రెయిన్ గట్టు మీద నన్ను నా పనికి అప్పగిస్తున్నాడు. తాను ఏం చేస్తున్నాడో ఆయనకి తెలియనే తెలియదు.

"చూసుకుంటానండి," అంది ఆవిడ. "మీ అమ్మాయిని నేను చూసుకుంటాను."

నేను నాన్న భుజం మీద మొహం పెట్టి బావురుమన్నాను. పక్క చేలో నారుకి ఆకుమడి దున్నుతున్నవాళ్ళు పని ఆపేసి మా వంకే చూస్తున్నారు. చూస్తే చూశారు.